టెక్సాస్‌ల 8 రోజుల కారు ప్రయాణం: ప్లానో – ఎల్ పాసో – బిగ్ బెండ్ – హ్యూస్టన్. ఈ ప్లాన్ నడుస్తదా?

ఓరుగల్లు తొవ్వ (ప్రశ్న)

అందరికి నమస్తే. మాది హన్మకొండ. డిసెంబర్ల నేను, మా ఇంటామె ప్లానోల ఉన్న బిడ్డ దగ్గరికి పోతున్నం. మాకు బీ1/బీ2 వీసా ఉన్నది. బిడ్డ, అల్లుడు హెచ్1బీ మీద ఉన్నరు. మనుమనికి 4 ఏండ్లు, అక్కడనే పుట్టిండు. క్రిస్మస్ ముంగట అందరికి కల్సి 8 రోజులు సెలవు దొరుకుతది. కారుల టెక్సాస్ అంత తిరగాలని ఆలోచన.

అనుకున్న తొవ్వ ఇది: మొదటి రోజు ప్లానో నుంచి ఎల్ పాసో. తర్వాత గ్వాడలూప్ కొండలు, బిగ్ బెండ్ నేషనల్ పార్క్, శాన్ ఆంటోనియో, హ్యూస్టన్ల మీనాక్షి గుడి, తిరిగి ప్లానో. అల్లునికి సెడాన్ ఉన్నది, ఆటోమేటిక్. నాకు 61 ఏండ్లు, ఇక్కడ 30 ఏండ్ల సంది కారు నడుపుతున్న, అన్నీ గేర్ల బండ్లే. అల్లుడు ఒక్కడే నడిపితే అలసిపోతడని నేను కూడ కొంత దూరం పట్టుకుందామనుకుంటున్న.

ఈ తొవ్వ 8 రోజులల్ల అయితదా? నా లైసెన్సుతోని నడపొచ్చా, ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) తప్పదా? అల్లుని బండి మంచిదా, కిరాయిది మంచిదా? మా ఇంటామె గుడ్డు కూడ ముట్టది, ఆమెకు తిండి ఎట్ల? తెలిసినోళ్లు వివరంగ చెప్పుండ్రి.

లోయర్ మానేరు

అన్నా, ముందు దూరం సంగతి. ప్లానో నుంచి ఎల్ పాసో దాదాపు 650 మైళ్ళు, అంటే 1,050 కిలోమీటర్లు. హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయి వచ్చుడు ఒక్క రోజుల మూడున్నర సార్లు చేసినట్టు. ఫోన్ల మ్యాప్ 9½ గంటలు అని చూపిస్తది. అది ఎక్కడా ఆగకుంట పోతే వచ్చే లెక్క. నాలుగేండ్ల పిల్లగాడు, ఇద్దరు పెద్దోళ్లు ఉన్న బండి రెండు గంటలకోసారి ఆగుతది, తిండికి ఇంకో గంట పోతది, 12 గంటలు దాటుతది. డిసెంబర్ల అక్కడ సాయంత్రం 6 లోపే పొద్దు గూకుతది. ఆఖరి కొన్ని గంటలు చీకట్ల, ఊర్లు లేని తొవ్వల నడపాలె. మొదటి రోజే గట్ల అయితే మిగతా ఏడు రోజులు ఎవ్వలికి ఓపిక ఉండది.

నా మాట: ఎల్ పాసో, గ్వాడలూప్, హ్యూస్టన్ మూడూ ఇడిచిపెట్టుండ్రి. మీనాక్షి గుడి హ్యూస్టన్ పక్కన పియర్‌లాండ్‌ల ఉన్నది. ప్లానో నుంచి అది వేరే శని, ఆదివారం పెట్టుకునే పని. దాన్ని పడమటి టెక్సాస్‌తో కలిపితే రెండు రోజులు ఉత్త రోడ్డు మీదనే పోతయి. ఈ 8 రోజులు బిగ్ బెండ్‌కి ఇయ్యుండ్రి. చూడవలసింది అది.

మొదటి రోజు ప్లానో నుంచి ఐ-20 హైవే మీద ఒడెస్సా దాక, 370 మైళ్ళ లోపు. తొవ్వ పొడుగునా ఆయిల్ బావుల పంపులు ఊగుతుంటయి, పెద్ద పెద్ద ట్రక్కులు తిరుగుతయి. మిడ్లాండ్, ఒడెస్సా రెండూ ఆయిల్ ఊర్లే, ఆ పని జోరు మీద ఉంటే హోటల్ రేట్లు కూడ ఎక్కుతయి, ముందే బుక్ చేయాలె. రెండో రోజు పొద్దుగాల మోనహన్స్ ఇసుక దిబ్బల పార్క్ దగ్గర గంట ఆగుండ్రి, మనుమనికి అదే పండుగ. ఆడికెళ్లి 18వ నెంబర్ రోడ్డు మీద ఫోర్ట్ స్టాక్టన్, తర్వాత మారథాన్, తర్వాత పార్క్. ఒడెస్సా నుంచి పార్క్ ఆఫీసు ఉన్న పాంథర్ జంక్షన్ 215 మైళ్ళు పడ్తది. పగలే చేరుతరు.

పార్క్ లోపల మూడు రాత్రులు పెట్టుకోండ్రి, తక్కువ చేయొద్దు. పార్క్ 8 లక్షల ఎకరాలు, ఒక మూల నుంచి ఇంకో మూలకి గంటన్నర పడ్తది, స్పీడ్ లిమిట్ 45 మైళ్ళే. ఒక రోజు రాస్ మాక్స్‌వెల్ రోడ్డు మీద చివరిదాక పోయి సాంటా ఎలెనా లోయ చూడుండ్రి. ఆ రోడ్డు 30 మైళ్ళు, ఒక్కొక్క మలుపు దగ్గర ఆగాలనిపిస్తది. చివర రెండు పక్కల 1,500 అడుగుల రాతి గోడలు, నడుమ రియో గ్రాండే నది. లోపలికి నడక పోయి రాను 1.7 మైళ్ళు, కాని మొదట్లనే టెర్లింగువా వాగు దాటాలె. వానలు పడ్డంక ఆ వాగుల నీళ్ళు, బురద ఉంటే పెద్దోళ్లు దిగొద్దు, ఒడ్డు నుంచి చూసినా లోయ మొత్తం కనవడ్తది. ఇంకో రోజు చిసోస్ కొండలు, రియో గ్రాండే విలేజ్. చిసోస్ బేసిన్ల కట్టడం పనులు ఉంటే లాడ్జి గాని రోడ్డు గాని మూస్తరు, బుక్ చేసే ముందు పార్క్ వెబ్‌సైట్‌ల చూడుండ్రి. లోపల గది దొరకకపోతే పడమటి గేటు బయట టెర్లింగువా, స్టడీ బ్యూట్‌ల ఉంటయి. పార్క్ టికెట్ బండికి 30 డాలర్లు, 7 రోజులు చెల్లుతది, కార్డే, నోట్లు తీసుకోరు.

ఐదో రోజు స్టడీ బ్యూట్ నుంచి 118 రోడ్డు మీద ఆల్పైన్, ఫోర్ట్ డేవిస్, 105 మైళ్ళ లోపు. ఆ రాత్రి మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీల నక్షత్రాలు చూపిస్తరు, మామూలుగ మంగళ, శుక్ర, శనివారాలల్ల. కాబట్టి మీ మొత్తం ప్లాన్ ఈ వారం లెక్క మీద కట్టుకోండ్రి, టికెట్లు వారాల ముందే అయిపోతయి. అది 6,700 అడుగుల ఎత్తు, డిసెంబర్ రాత్రి నీళ్ళు గడ్డ కట్టే సలి. మన శాలువలు ఆడ పనికిరావు, మందపు జాకెట్, చెవులకి టోపీ కావాలె.

ఆరో రోజు ఐ-10 మీద శాన్ ఆంటోనియో, 400 మైళ్ళు, అన్నిటికన్న పొడుగు రోజు ఇదే. ఏడో రోజు అలామో కోట, నది ఒడ్డు నడక, పాత మిషన్లు (చర్చిలు). ఎనిమిదో రోజు ఐ-35 మీద ఇంటికి, 290 మైళ్ళు. ఆస్టిన్ల ట్రాఫిక్ బాగ ఇరుకుతది. ఊరు బయట నుంచి పోయే 130 టోల్ రోడ్డు ఎక్కుండ్రి, దాంట్ల దక్షిణం ముక్క మీద లిమిట్ 85 మైళ్ళు, అమెరికా మొత్తంల అదే ఎక్కువ.

మొత్తం కలిపి 1,650 మైళ్ళ దగ్గర. గ్యాలన్‌కి 28 మైళ్ళ బండికి 59 గ్యాలన్లు కావాలె, గ్యాలన్ 3 డాలర్లు అనుకుంటే 180 డాలర్ల లోపు.

భద్రకాళి చెరువు

పైన చెప్పిన తొవ్వ సరైనది. నేను కాగితాల సంగతి చెప్తా. అక్కడ మనవాళ్ళు ఇబ్బంది పడేది చాలా వరకు వీటి దగ్గరే.

లైసెన్సు: చెల్లుబాటులో ఉన్న మన లైసెన్సుతో సందర్శకులు టెక్సాస్‌లో నడపవచ్చు. అయినా ఐడీపీ తీసుకోండి. రోడ్డు మీద పోలీసుకీ, కిరాయి కౌంటర్‌లో ఉన్న మనిషికీ అది చూపిస్తే మాట తొందరగా తెగుతుంది. ఐడీపీ ఒక్కటే చూపిస్తే మాత్రం చెల్లదు, అసలు లైసెన్సు కార్డు పక్కన ఉండాలి. మీ చిరునామా ఏ ఆర్టీఏ కిందికి వస్తుందో అక్కడే దరఖాస్తు పెట్టాలి. ఫారం 4ఏ, పాస్‌పోర్టు, వీసా, లైసెన్సు నకళ్ళు, ఫొటోలు, ఫీజు 1,000 రూపాయలు. ఏడాది చెల్లుతుంది, ఆ లోపే లైసెన్సు గడువు తీరితే అప్పటిదాకే. లైసెన్సు ఇంకా పాత పుస్తకం రూపంలో ఉంటే ముందు కార్డు చేయించుకోండి. మీ లైసెన్సు గడువు ఎప్పటిదో ఈ రోజే చూడండి, ఆ వయసులో రెన్యువల్ తేదీ దగ్గరలో ఉండే అవకాశం ఎక్కువ.

చెక్‌పోస్టు: ఇది చాలామందికి తెలియదు. బిగ్ బెండ్ నుంచి ఉత్తరం వైపు వచ్చే రోడ్ల మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులు ఉన్నాయి. ఆల్పైన్‌కి దక్షిణాన 118 మీద ఒకటి, మారథాన్‌కి దక్షిణాన 385 మీద ఇంకొకటి. మీరు అమెరికా వదిలి ఎక్కడికీ పోకపోయినా అక్కడ ఆపి "పౌరులేనా?" అని అడుగుతారు. మీ ఇద్దరి అసలు పాస్‌పోర్టులు, ఐ-94 (దేశంలోకి వచ్చిన తేదీ, ఉండే గడువు చూపే రికార్డు) ప్రింటు దగ్గర ఉండాలి. 18 ఏళ్ళు దాటిన విదేశీయులు ఆ రుజువు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని అక్కడి చట్టమే చెప్తుంది. ఐ-94 కాగితం విమానాశ్రయంలో చేతికి ఇవ్వరు, దిగిన తర్వాత సీబీపీ (అక్కడి కస్టమ్స్, సరిహద్దు శాఖ) వెబ్‌సైట్ నుంచి తీసి ప్రింటు వేసుకోవాలి, పేరు, గడువు తేదీ సరిచూసుకోవాలి. అమ్మాయి, అల్లుడు పాస్‌పోర్టులు, ఐ-797 (హెచ్1బీ మంజూరు కాగితం), ఐ-94 పెట్టుకోవాలి. బాబుకి అమెరికా పాస్‌పోర్టు, లేదంటే జనన ధ్రువీకరణ నకలు. అన్నీ ఒక్క ఫోల్డర్‌లో పెట్టి ముందు సీటు దగ్గర ఉంచండి, డిక్కీలో సూట్‌కేసుల కింద కాదు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్తే సాధారణంగా రెండు నిమిషాల్లో పంపించేస్తారు.

నదికి అవతలి ఒడ్డు మెక్సికో. సాంటా ఎలెనా దగ్గర నీళ్ళు మోకాలి లోతే ఉన్నా అవతల కాలు పెట్టి తిరిగి రావడం చట్ట ప్రకారం నేరం. పిల్లవాడు ఆటలో పరుగెత్తకుండా చూసుకోండి.

బండి: అల్లుడి సెడాన్‌లో నలుగురు పెద్దవాళ్ళు, ఒక చైల్డ్ సీటు, 8 రోజుల సామాను అంటే వెనక సీట్లో ముగ్గురికి నడుము పట్టేస్తుంది. నా సలహా మినీవ్యాన్. తలుపు జరిపేది, మెట్టు తక్కువ ఎత్తు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎస్‌యూవీ కన్నా హాయి. ఫోర్ వీల్ డ్రైవ్ అక్కర్లేదు, మీరు చూసేవన్నీ తారు రోడ్ల మీదే ఉన్నాయి. మట్టి రోడ్డు ఎక్కితే చాలా కిరాయి కంపెనీల ఒప్పందం ప్రకారం ఇన్సూరెన్స్ పోతుంది.

కిరాయి అల్లుడి పేరు మీద, ఆయన క్రెడిట్ కార్డు మీద తీసుకోవాలి. మన ఫారెక్స్ ప్రీపెయిడ్ కార్డు డిపాజిట్‌కి సాధారణంగా ఒప్పుకోరు. మిమ్మల్ని రెండో డ్రైవర్‌గా ఒప్పందంలో రాయించాలి, రోజుకి కొంత తీసుకుంటారు. పేరు రాయించకుండా మీరు పది నిమిషాలు నడిపి చిన్న గీత పడినా మొత్తం భారం ఇంటి మీద పడుతుంది. ఇక టెక్సాస్‌లో తప్పనిసరి ఇన్సూరెన్స్ చాలా తక్కువ: ఎదుటివాళ్ళలో ఒకరికి గాయమైతే 30,000 డాలర్లు, మొత్తం ప్రమాదానికి 60,000, వస్తునష్టానికి 25,000. అక్కడ కొత్త పికప్ ట్రక్కు ధర 50,000 దాటుతుంది, మిగతాది ఎవరు కడతారు? కాబట్టి అల్లుడు తన ఏజెంటుకి ఫోన్ చేసి రెండే అడగాలి: "నా పాలసీ కిరాయి బండికి వర్తిస్తుందా? విదేశీ లైసెన్సున్న మా మామగారు నడిపినా వర్తిస్తుందా?" జవాబు ఈమెయిల్‌లో తీసుకోవాలి. రెండోదానికి "కాదు" అంటే కౌంటర్ దగ్గర అదనపు లయబిలిటీ కవర్ (ఎదుటివాళ్ళ నష్టానికి ఇన్సూరెన్స్) తీసుకోండి. అది ఖర్చనిపిస్తుంది కానీ అందులో మాత్రం పొదుపు చేయొద్దు. మీరు ఇక్కడినుంచి తీసుకుపోయే ట్రావెల్ హెల్త్ పాలసీ ఆసుపత్రికి, బండికి కాదు.

బాబుకి చైల్డ్ సీటు తప్పనిసరి. 8 ఏళ్ళ లోపు, 4 అడుగుల 9 అంగుళాల కన్నా పొట్టిగా ఉన్నవాళ్ళకి టెక్సాస్ చట్టం అది. ఇంట్లో ఉన్నదే బిగించుకోండి. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా బెల్టు తప్పదు.

ఓరుగల్లు తొవ్వ

ఇద్దరికి దండం. ఎల్ పాసో తీసేసిన, ఇంట్ల చెప్తె అందరు ఊపిరి పీల్చుకున్నరు. చెక్‌పోస్టు సంగతి బిడ్డకి కూడ తెల్వదు. ఇగ నడుపుడు, పెట్రోలు, తిండి చెప్పుండ్రి. సకినాలు, మామిడి తొక్కు తీసుకపోవచ్చా?

గోదావరిఖని షిఫ్ట్

అన్నా, ముందుగాల పెట్రోలు. అక్కడ దాన్ని గ్యాస్ అంటరు. పంపు మీద మనమే పోసుకోవాలె. కార్డు పెట్టంగనే ఐదంకెల జిప్ కోడ్ అడుగుతది. మన ఇండియా కార్డుకి అది ఉండది కాబట్టి పని చేయది. లోపల కౌంటర్‌కి పోయి "పంప్ 4, 40 డాలర్స్" అని ముందే కట్టి వస్తె చాలు, పట్టినంక మిగిలింది తిరిగి ఇస్తరు. మామూలు బండికి 87 నెంబర్ రెగ్యులర్. పైపు రంగు చూసి పోయొద్దు, అక్కడ డీజిల్‌కి చాలా చోట్ల ఆకుపచ్చ పిడి ఉంటది. పేరు చదివి పోయుండ్రి.

పడమటి దిక్కు ఒక్కటే పద్ధతి: ట్యాంకు సగం అయితే నింపుడే. ఫోర్ట్ స్టాక్టన్ల నింపుండ్రి, మారథాన్ల మళ్ళ పూర్తి చేయుండ్రి. మారథాన్ నుంచి పాంథర్ జంక్షన్ దాక 70 మైళ్ళు, నడుమ ఒక్క బంకు లేదు. పార్క్ లోపల పాంథర్ జంక్షన్, రియో గ్రాండే విలేజ్‌ల పంపులున్నయి, ధర ఎక్కువ. తిరిగొచ్చేటప్పుడు ఫోర్ట్ స్టాక్టన్ నుంచి ఓజోనా దాక 108 మైళ్ళు, అది కూడ నింపుకొనే పోవాలె.

బండి తీసుకునేటప్పుడు డిక్కీ తెరిచి స్టెప్నీ ఉన్నదా చూడుండ్రి. ఈ మధ్య కొత్త బండ్లల్ల చాలా వాటికి స్టెప్నీ ఉండది, గాలి కొట్టే చిన్న మిషను, జిగురు డబ్బా ఇస్తరు. మొల దిగితే ఆ జిగురు పని చేస్తది, టైరు పక్కభాగం చీరితే ఏం చేయది. పార్క్ నుంచి టోయింగ్ బండి రావాలంటే గంటలు, దానికి వందల డాలర్లు. స్టెప్నీ ఉన్న బండే అడుగుండ్రి.

నడుపుడు సంగతి. ఆటోమేటిక్ల ఎడమ కాలికి పనే లేదు, దాన్ని వెనక్కి మడిచి పెట్టుండ్రి. క్లచ్ అలవాటుకి ఎడమ కాలు బ్రేకు మీద పడితే బండి ఒక్కసారే ఆగుతది, వెనకోడు గుద్దుతడు. ఇండికేటర్ ఎడమ చేతికి, వైపర్ కుడి చేతికి ఉంటయి. మీరు ఎడమ పక్క కూసుంటరు కాబట్టి కన్ను తెలవకుంటనే బండిని కుడి అంచుకి జరుపుతది, అద్దంల కుడి గీత చూసుకుంట పోవాలె. ప్లానోల ఆదివారం పొద్దుగాల ఖాళీ పార్కింగ్‌ల గంట, కాలనీల గంట తిప్పుండ్రి. ఊర్లల్ల అల్లుడు నడపనీ. ఒడెస్సా దాటినంక ఖాళీ రోడ్డు మీరు పట్టుకోండ్రి.

స్టాప్ బోర్డు అంటే చక్రం పూర్తిగ ఆగాలె, ఎవ్వరు లేకున్నా. నాలుగు దిక్కుల స్టాప్ ఉంటే ముందొచ్చినోడు ముందు పోతడు. ఎర్ర లైటు దగ్గర పూర్తిగ ఆగి, ఖాళీ చూసి కుడికి తిరగొచ్చు, వద్దని బోర్డు లేకపోతే. పసుపు స్కూల్ బస్సు ఎర్ర లైట్లు కొడుతుంటే రెండు దిక్కుల బండ్లు ఆగాలె, నడుమ డివైడర్ ఉన్న రోడ్డు మీద ఎదురుంగ వచ్చేటోళ్లకి మాత్రం అక్కర్లేదు. రోడ్డు పక్కన పోలీసు, అంబులెన్స్, టోయింగ్ బండి లైట్లు పెట్టి ఆగి ఉంటే పక్క లేన్‌కి జరగాలె, జరగరాకపోతే లిమిట్ కన్నా 20 మైళ్ళు తగ్గించాలె. ఎడమ లేన్ల ఊకె పోవద్దు, అది దాటేటందుకే. హారన్ అసలే కొట్టొద్దు, అక్కడ అది తిట్టినట్టు.

వెనక పోలీసు లైట్లు కనవడితే కుడి పక్కకి తీసి ఆపుండ్రి. బండి దిగొద్దు. ఇక్కడ మనం దిగి సార్ దగ్గరికి నడిచి పోతం కదా, అక్కడ గట్ల దిగితే మీద పడేటందుకు వస్తున్నరని అనుకుంటరు. అద్దం దించి రెండు చేతులు స్టీరింగ్ మీద పెట్టి కూసోవాలె, కాగితం తీయాలంటే "తీస్తున్న" అని చెప్పి తీయాలె. పైసల మాట నోట్ల నుంచి రావొద్దు, లంచం అక్కడ పెద్ద నేరం.

పొద్దు గూకే యాల, తెల్లారే యాల జింకలు రోడ్డు మీదికి వస్తయి, నవంబర్, డిసెంబర్ల ఇంకా ఎక్కువ. జింక అడ్డం వస్తె స్టీరింగ్ తిప్పొద్దు, నేరుగ బ్రేకు తొక్కుండ్రి. 75 మైళ్ళ మీద పక్కకి తిప్పితే బండి పల్టీ కొడ్తది. సాయంత్రం 5½ లోపు గదికి చేరేటట్టు రోజు కట్టుకోండ్రి.

వాగు దాటే దగ్గర రోడ్డు మీద నీళ్ళుంటే ఎంత తక్కువ కనవడ్డా దిగొద్దు, వెనక్కి తిరుగుడే. కొండల మీద వాన పడితే ఇక్కడ చుక్క లేకున్నా వాగు వస్తది.

ఫోన్ సిగ్నల్ పార్క్‌ల చాలా చోట్ల ఉండది. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించుకోండ్రి. నది దగ్గర ఫోన్ మెక్సికో టవర్‌కి కలిస్తే రోమింగ్ పైసలు పడ్తయి, ఆడ డేటా బంద్ పెట్టుండ్రి. నీళ్ళు మనిషికి రోజుకి గ్యాలన్, అంటే 3.8 లీటర్లు, బండ్ల ఉండాలె. రామగుండం ఎండ చూసినోళ్లం కదా అనుకోవద్దు, అక్కడ పొడి గాలి, చెమట పట్టినట్టే తెలవది, ఒంట్ల నీళ్ళు పోతనే ఉంటయి.

భద్రకాళి చెరువు

తిండి గురించి నేను కలుపుతా. వదినగారికి మెక్సికన్ హోటళ్ళలో బీన్స్ దొరుకుతాయి కానీ కొన్నిచోట్ల పంది కొవ్వుతో వండుతారు, అన్నం కోడి ఉడికించిన నీళ్ళతో వండుతారు. రెండూ అడిగి తీసుకోవాలి. మారథాన్ దాటాక ఎంచుకోవడానికి పెద్దగా ఉండదు కాబట్టి వండుకునే సరంజామా పెట్టుకోండి. ఇక్కడి రైస్ కుక్కర్ తీసుకుపోవద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కర్ అందులో పావు వంతు వేడే ఇస్తుంది, అన్నం ఉడకదు. చిన్న కుక్కర్ అక్కడే కొనండి. బియ్యం, పప్పు, పెరుగు ప్లానోలోనే నింపుకోండి, ఒడెస్సా దాటాక మన సరుకు దొరకదు. గది బుక్ చేసేటప్పుడు ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయా అడగండి, వంట చేసుకోనిస్తారా అని కూడా అడగండి.

సకినాలు, సర్వపిండి తీసుకుపోవచ్చు, వండినవి కాబట్టి అభ్యంతరం లేదు. స్టీలు డబ్బాలో, మధ్యలో పేపర్లు పెట్టి సర్దితే విరగవు. మామిడి తొక్కు కూడా సరే, నూనె కారకుండా రెండు కవర్లు వేసి చెక్-ఇన్ సామానులో పెట్టండి. మాంసం పచ్చళ్ళు కుదరవు. బియ్యం గింజ కూడా పెట్టొద్దు, మన దేశం నుంచి ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు వస్తుందని ప్రయాణికుల సామానులో బియ్యాన్ని తీసేస్తారు. దిగిన తర్వాత తినే సామాను ఉందా అని అడిగితే "ఉంది" అనే చెప్పండి. చెప్తే కాదన్నది ఒక్కటే తీసి పక్కన పెడతారు, చెప్పకుండా దొరికితే జరిమానా వేస్తారు.